కాలువ మీద ఏకాభిప్రాయం

ఎడపల్లి రైతుల మనసులో మాటను శాస్త్రీయంగా బయటికి తీయాలని మంత్రిగారు నిర్ణయించారు. సభ పెడితే చప్పట్లే వినిపిస్తున్నాయట. అందుకని ఎనిమిది మందిని కూర్చోబెట్టి మనసు విప్పించే ఫోకస్ గ్రూపు పెట్టమని సెలవిచ్చారు. ఇంత వినయం గల మంత్రి జిల్లాకు దొరకడం అరుదు.

ఆ ఎనిమిది మందిలో కాశయ్య ఒకడు. కాలువ చివర అతనికి రెండెకరాల చెరుకు. ఇరవై రోజులుగా చుక్క నీరు లేదు. ఇంకో వారం రాకపోతే చెరుకు పొయ్యిలోకే. ఆ ఒక్క మాట చెప్పి రావాలని నిజామాబాద్ బస్సెక్కాడు.

ఏసీ హాల్లో, గ్రూపు నడపడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన దీక్షిత రికార్డరు నొక్కింది. "ఇక్కడ తప్పు జవాబులుండవు. ఎవరైనా ముందు మాట్లాడొచ్చు."

ఎవరైనా అంటే ఎవరో అందరికీ తెలుసు. ఏడుగురూ ఆత్మారాం వైపు చూశారు. ఆయన మాజీ సర్పంచ్. కాలువ మొదట్లో పదెకరాల చెరుకు ఆయనది. పెద్దమనిషి ముందు చెప్పడం, మిగతావాళ్లు తలూపడం ఊరి మర్యాద.

"నీళ్లకేం కొదువ లేదమ్మా," అన్నాడు ఆత్మారాం. "కాల్వ గట్టు మీద మంత్రి సారు బొమ్మ ఒక్కటే తక్కువున్నది."

"కాశయ్యగారూ, మీరు?"

కాశయ్య గొంతు సవరించుకున్నాడు. "అన్న చెప్పినంక నేనేం చెప్త మేడం."

చాయ్‌కి బయటికొచ్చారు. ఆత్మారాం ఫోను పట్టుకొని పక్కకు పోగానే, ఎనిమిది మందిలో ఒకతైన గంగుబాయి అందుకుంది.

"ఏం కాశన్నా, లోపల మూగనోము పట్టినవా? మా కాల్వల కప్పలు సుత ఊరిడిసి పోయినయ్."

"తూము తాళం ఎవల జేబుల ఉన్నదో నీకెర్క లేదా అక్కా?"

మాట మాటను లాగింది. పది నిమిషాల్లో తూము ఎవరు మూశారో, ఎన్ని రోజులు మూశారో అంతా బయటపడింది. పక్కనే చాయ్ తాగుతున్న దీక్షిత కళ్లు మెరిశాయి. "ఇదే ఈ పద్ధతి బలం! లోపలికొచ్చి ఇదే చెప్పండి. రికార్డరు అక్కడుంది."

లోపల రికార్డరు ఉంది. ఆత్మారామూ ఉన్నాడు.

రైతులది ఏకాభిప్రాయమని నివేదిక వచ్చింది. నెల తిరక్కుండా గట్టు మీద బొమ్మ లేచింది. 'పెద్దమనిషి ప్రభావం పడి ఉండవచ్చు' అని దీక్షిత చివరి పేజీలో చిన్న అక్షరాల్లో రాసింది. మంత్రిగారు విమర్శను స్వీకరించే మనిషి. ఆత్మారాం లేకుండా ఇంకో గ్రూపు పెట్టమన్నారు.

ఈసారి చెప్పి తీరాలని కాశయ్యే మంత్రిగారి ఆఫీసుకు ఫోను చేశాడు.

"లిస్టుల నీ పేరు లేదు," అన్నాడు ఆఫీసరు. "ఇది చెరుకు రైతుల గ్రూపు. నీ చేన్ల చెరుకున్నదా?"

"ఎండింది సారూ. మొన్ననే దున్నేసిన."

"మరింకేంది? చెరుకు లేనోనికి నీళ్ల సంగతేం తెలుస్తది కాశయ్యా?"