డిప్యుటేషన్ మీద వెళ్ళిన ఒడి

నాగరత్నం టీచరు రెండు చేతులూ ఓటర్ల జాబితా సవరణ పనికి డిప్యుటేషన్ మీద వెళ్ళిన రోజున, మేదరపేట అంగన్‌వాడీ సెంటర్లో పిల్లలకు కోడిగుడ్లు వలిచి పెట్టడం కాస్త ఆలస్యమైంది. అంతకుమించి ఇబ్బందేమీ కలగలేదు.

ఈ పద్ధతి పెట్టినవాళ్ళు మంచి ఉద్దేశంతోనే పెట్టారు. అంతకుముందు ఏ సర్వే వచ్చినా, ఏ సమావేశం జరిగినా టీచరును మొత్తంగా తీసుకుపోయేవారు. సెంటరుకు తాళం పడేది. పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులు తాళాన్ని చూసి, పిల్లల్ని చూసి, వెనక్కి వెళ్ళిపోయేవారు. ఫిర్యాదులు పెరగడంతో శాఖవారు ఆలోచించి, ఇకమీదట టీచరులో ఏ పనికి ఎంత అవసరమో అంత మేరకే పిలవాలనీ, మిగతా భాగం సెంటర్లోనే ఉండి పిల్లలకు సేవలందించాలనీ ఉత్తర్వు ఇచ్చారు. దీన్ని అందరూ హర్షించారు. నాగరత్నం కూడా హర్షించింది. తాళం వేసిన తలుపు కంటే చేతుల్లేని టీచరు మేలే కదా అనుకుంది.

మొదట పాదాలు వెళ్ళాయి. ఇంటింటి సర్వేకి వారం రోజులు తిరిగి, కుడి మడమలో ముల్లుతో తిరిగి వచ్చాయి. ముల్లును సెంటరు ఆయా అప్పాయమ్మ పిన్నీసుతో తీసింది. తర్వాత చేతుల వంతు. గాజులు సొంత ఆస్తి కనుక వాటిని తీసి అప్పాయమ్మ బిస్కెట్ డబ్బాలో దాచింది. రిలీవింగ్ రిపోర్టు మీద టీచరు సంతకం చెయ్యాలి, సంతకం చేసే చేయి అప్పటికే రిలీవ్ అయిపోయింది. చేతుల్ని మళ్ళీ ఆటోలో వెనక్కి తెప్పించి సంతకం పెట్టించారు. అందువల్ల ఆఫీసులో చేతులకు ఆ పూట ఆలస్యం పడింది.

ముఖాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. ఫోన్లో హాజరు పడాలంటే రోజూ ఉదయం ముఖం చూపించాలి.

ఆ నెల పిల్లలకు చెప్పవలసిన పాఠం 'మన శరీరం'.

"కళ్ళెక్కడ?" అని టీచరు అడిగేది.

"ఇక్కడ!" అని పిల్లలు కళ్ళు పొడుచుకునేవారు.

"ముక్కెక్కడ?"

"ఇక్కడ!"

"టీచరు చేతులెక్కడ?"

"ఆఫీసులో!" అని అందరూ ఒక్కసారిగా అరిచేవారు. అన్ని జవాబుల్లోకీ వాళ్ళు గట్టిగా చెప్పేది అదే.

పిల్లల్లో లాస్య అనే మూడేళ్ళ అమ్మాయి ఒక్కతే ఈ ఆటలో అరిచేది కాదు. వాళ్ళ అమ్మ మంగాదేవి రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసే పని చేస్తుంది. తండ్రి లారీ మీద పోతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. లాస్యకు మధ్యాహ్నం భోజనం తర్వాత టీచరు ఒళ్ళో పడుకుంటే తప్ప నిద్ర పట్టదు. నిద్ర పట్టకపోతే ఏడుస్తుంది, ఏడ్చి ఏడ్చి తిన్నది కక్కుతుంది. అలా రెండుసార్లు అయ్యాక సెంటరువాళ్ళు తల్లికి ఫోను చేశారు, ఆమె పని వదిలి పరిగెత్తుకొచ్చింది. ఇంకోసారి మధ్యలో వెళ్తే ఇక రానక్కర్లేదని ఫ్యాక్టరీ మేస్త్రీ చెప్పాడు.

"మీ ఒడే నా ఉద్యోగమండీ టీచరు గారూ," అంది మంగాదేవి, నవ్వుతూనే.

చేతులు వెళ్ళాక జో కొట్టేవాళ్ళు లేకపోయినా ఒడి ఉంది గనుక లాస్య నిద్రపోయేది. అప్పాయమ్మ గిన్నెలు తోముతూ, "చెయ్యి లేపోతే పోనియ్, ఒళ్ళుంది సాలు," అనేది. ఆమె తన ఒడి ఇచ్చేదే గానీ, మోకాళ్ళు పట్టేసి కింద కూర్చోలేదు. కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. టీచరు చేతులు వెళ్ళాక లేపేవాళ్ళు ఎవరూ లేరు.

ఇక ఆఫీసులో చేతుల సంగతి. అవి పేర్లు కొట్టేసి, పేర్లు ఎక్కించి, తమ పని తాము చేసుకుపోయేవి. కానీ మధ్యాహ్నం పిల్లలు పడుకునే వేళకు ఎవరూ చెప్పకుండానే కలం పక్కన పెట్టి, కుడి చేయి బల్ల మీద మెల్లగా జో కొట్టేది. ఎడమ చేయి పక్కనున్న ఫైలు తల నిమిరేది. ఆ బల్ల సీనియర్ అసిస్టెంటు సూర్యచంద్రరావుది. భార్య పోయినప్పటినుంచి ఆయనకు నిద్ర సరిగా లేదు. మొదటి రోజు ఆయన బల్ల మీద తల ఆన్చి, ఆ చప్పుడు వింటూ, సాయంత్రం అటెండరు లేపేదాకా నిద్రపోయాడు. లేచాక ఎవరూ చూడకుండా ఆ చేతుల మీద తన తువ్వాలు కప్పాడు. ఫ్యాను గాలి నేరుగా కొడుతోంది, చలేస్తుందేమో అని.

మర్నాడు పక్క సీటాయన తన కుర్చీని దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత సూపరింటెండెంటు తన బల్లే ఇటు వేయించుకున్నాడు. వారం తిరిగేసరికి ఆ సెక్షన్లో మధ్యాహ్నం గొడవలు తగ్గాయి, పని కోసం వచ్చిన జనాన్ని కసురుకోవడం తగ్గింది. అధికారి ఈ మార్పును గమనించి, కారణం తెలుసుకుని, స్వయంగా ఒకరోజు పరీక్షించి చూసి, పూర్తి ఫలితం రావాలంటే చేతులతో పాటు ఒడి కూడా ఉండాలని అభిప్రాయపడ్డాడు.

ఉత్తర్వును సూపర్‌వైజరు ప్రమీలారాణి తీసుకొచ్చింది. ఆమె చెడ్డ మనిషి కాదు. పిల్లలకని చేసంచీలో జామకాయలు తెచ్చింది.

"ఒడి ఇవ్వనండి మేడం," అంది నాగరత్నం. ఉద్యోగంలో చేరాక ఆమె 'ఇవ్వను' అనడం అదే మొదలు.

"అదేంటి నాగరత్నం! ఒడి ఒక్కటే కదమ్మా అడిగారు. ప్రాణం అడిగారా?"

"లాస్య నిద్రపోదండి. వాళ్ళమ్మ పని పోద్దండి."

"గొంతుందిగా? పాడు. గొంతును ఎవరికీ పంపకుండా నేను చూసుకుంటాను. నా మాట."

"గొంతు మీద పడుకోలేదు కదండీ పిల్ల."

ప్రమీలారాణి జామకాయలు ఒక్కొక్కటే చాప మీద పెట్టింది. "చూడమ్మా, ఇవ్వనంటే ఈ సెంటర్ని మెట్ట వీధి సెంటర్లో కలిపేస్తారు. అక్కడి టీచరు ఒడి ముందే వెళ్ళింది. ఉన్న ముఖం, గొంతు కూడా ఈ పిల్లలకు దక్కవు. శనివారం శనివారం ఒడిని సెంటరుకి పంపించేలా నేను రాయిస్తాను."

టీచరు చాప మీది జామకాయల్ని కళ్ళతో లెక్కపెట్టింది. తర్వాత, "శనివారం పొద్దున్నేనా అండీ, సాయంత్రమా?" అని అడిగింది.

ఒడి అనేది మనిషి కూర్చున్నప్పుడే ఉంటుంది, నిలబడితే ఉండదు. కాబట్టి ఒడి వెళ్ళిపోయిన టీచరు కూర్చోవడానికి వీలు లేకపోయింది. ఉదయం తొమ్మిదింటినుంచి సాయంత్రందాకా నిలబడే ఉండేది. అప్పాయమ్మ పాత దిండు ఒకటి గోడకు మేకు కొట్టి తగిలించింది, నడుము ఆన్చుకోవడానికి. పిల్లలు ఈ మార్పును ఒక్క పూటలో నేర్చుకున్నారు. "టీచరు ఒడెక్కడ?" అంటే "ఆఫీసులో!" అని చెప్పేశారు.

లాస్య చెప్పలేదు. ఆ మధ్యాహ్నం ఆమె వచ్చి టీచరు కాళ్ళ దగ్గర నిలబడి, ఎప్పుడు కూర్చుంటుందా అని పైకి చూసింది. టీచరు పాడింది. లాస్య ఏడవడం మొదలుపెట్టింది. టీచరు ఇంకా గట్టిగా పాడింది.

"ఆపండమ్మా, మీ పాటకి మిగతావోళ్ళు కూడా లేసిపోతన్నారు," అంది అప్పాయమ్మ. "పిల్ల ఇప్పుడే కక్కేత్తది. ఫోన్ చెయ్యమంటారా ఆళ్ళమ్మకి?"

"వద్దు! ఫోన్ చెయ్యకు."

"మరేం చెయ్యనూ?"

"ఒడి ఎక్కడుందో అక్కడికి తీసుకెళ్ళు," అంది టీచరు.

అప్పాయమ్మ పిల్లను చంకనేసుకుని ఆటో ఎక్కింది. ఆఫీసులో ఒడి సూపరింటెండెంటు గదిలో, గాడ్రేజు బీరువా పక్కన, పచ్చ అంచు చీర కుచ్చిళ్ళతో సహా కుర్చీలో ఉంది. చేతులు దాని పక్కనే ఉన్నాయి. గది బయట బెంచీ మీద నలుగురు తమ వంతు కోసం కూర్చున్నారు. మొదటివాడు సూర్యచంద్రరావు.

"ఏంటమ్మా, పిల్లని తీసుకొచ్చావు?" అన్నాడాయన.

"ఇది ఈ పిల్ల ఒళ్ళండి బాబూ," అంది అప్పాయమ్మ.

వెనకాయన కల్పించుకుని, "ఇలా ఎవరికి వాళ్ళు నాది నాదంటే ఎలాగమ్మా? వరసలో రావాలి," అన్నాడు.

సూర్యచంద్రరావు లేచాడు. "నా వంతు ఈ పాపకిచ్చాను. ఇవాళ నాకు అంత నిద్ర రావట్లేదులే," అన్నాడు. అది అబద్ధమని ఆయన కళ్ళు చూసిన ఎవరికైనా తెలుస్తుంది.

లాస్య కుర్చీ ఎక్కి, ఒళ్ళో ముడుచుకుని, బొటనవేలు నోట్లో పెట్టుకుంది. చేతులు పిల్లను గుర్తుపట్టాయి. కుడి చేయి జో కొట్టింది. ఎడమ చేయి జుట్టు నిమిరి, జారిపోయిన క్లిప్పు సరిచేసింది. పిల్ల నిద్రపోయింది. బెంచీ మీదివాళ్ళు కూడా గుమ్మందాకా వచ్చి చప్పుడు చెయ్యకుండా నిలబడ్డారు. ఎవరి ఫోనో మోగబోతే దాన్ని గుప్పిట్లో నొక్కేశారు.

కాసేపటికి అధికారి వచ్చాడు. ఆయన కూడా గొంతు తగ్గించే మాట్లాడాడు. లబ్ధిదారులు తమ సెంటర్లోనే సేవలు పొందాలనీ, ఆఫీసులో పొందడానికి నిబంధనల్లో లేదనీ, ఇవాళ్టికి మానవతా దృక్పథంతో చూస్తున్నాననీ, రేపటినుంచి తీసుకురావద్దనీ చెప్పాడు. పిల్ల లేచాక చాక్లెట్టు ఇచ్చాడు. ఆ పూట లాస్యకు సెంటర్లో గైర్హాజరు పడింది.

మర్నాడు మధ్యాహ్నం టీచరు లాస్యను చాప మీద పడుకోబెట్టించింది. గోడకు ఆనుకుని నిలబడి, పైనుంచి మెల్లగా చెప్పింది.

"లాస్యా, నీ కుడి చెయ్యెక్కడమ్మా?"

లాస్య ఎక్కిళ్ళ మధ్య చెయ్యి ఎత్తి చూపించింది. ఆ ఆటలో ఆమె జవాబు చెప్పడం అదే మొదటిసారి.

"ఆ చెయ్యి నీ తొడ మీద వేసుకో. ఆఁ, అలాగ. ఇప్పుడు మెల్లగా కొట్టు. గట్టిగా కాదమ్మా, నేను కొట్టినట్టు. ఇంకా మెల్లగా. రెండో చెయ్యి నెత్తి మీద పెట్టుకో. నిమురుకో."

లాస్య తనకు తాను జో కొట్టుకుంది. మూడేళ్ళ చెయ్యి, మాటిమాటికీ లయ తప్పేది. తప్పినప్పుడల్లా టీచరు పైనుంచి అందించేది. చివరికి చెయ్యి ఆగింది. పిల్ల నిద్రపోయింది. అప్పాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది. టీచరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడవడానికి ఏమీ లేక అవి వాటంతటవే ఆరిపోయాయి.

వారంలో మిగతా పిల్లలు కూడా నేర్చుకున్నారు. మధ్యాహ్నం సెంటర్లోకి ఎవరైనా వస్తే, చాపల మీద వరసగా పడుకుని తొడల మీద మెత్తగా కొట్టుకుంటున్న చప్పుడు వినిపించేది, దూరంనుంచి సన్నగా వాన పడుతున్నట్టు. ప్రమీలారాణి చూసి ముచ్చటపడి వీడియో తీసింది. స్వయం సహాయక నిద్రలో మేదరపేట సెంటరు ఆదర్శంగా నిలిచిందని శాఖ మెచ్చుకుంది. మిగతా సెంటర్ల టీచర్ల ఒళ్ళకు కూడా ఆఫీసుల్లో కుర్చీలు ఏర్పాటు చెయ్యడం మొదలైంది.

ప్రమీలారాణి మాట నిలబెట్టుకుంది. శనివారం పొద్దున్నే ఒడి వచ్చింది. నాగరత్నం చాలారోజుల తర్వాత చాప మీద కూర్చుంది. కూర్చోగానే "అమ్మయ్యా" అని పైకే అంది. భోజనాలయ్యాక, "లాస్యా, రామ్మా. ఒడొచ్చింది చూడు," అని పిలిచింది.

లాస్య వచ్చింది. ఒళ్ళో పడుకుంది. ఒడి ఎవరివో తలనూనెలూ, సిగరెట్టూ, పాత కాగితాలూ కలిసిన వాసన వేస్తోంది. పిల్ల కాసేపు కదలకుండా ఉండి, మర్యాదగా లేచి, తన చాప మీదికి వెళ్ళి, తొడ మీద చెయ్యి వేసుకుంది.

"పోనీండి. నేర్సుకుంది కదా," అంది అప్పాయమ్మ.

"నేర్చుకుంది," అంది టీచరు.

సాయంత్రం మంగాదేవి వచ్చి రెండు చేతులూ జోడించింది. ఎంత కడిగినా పోని రొయ్యల వాసన ఆ చేతుల్లో ఉంది. "నా పని నిలబెట్టారండీ టీచరు గారూ. మీ రుణం తీర్సుకోలేను. నాకూ ఒళ్ళు లేనట్టేనండి, పొద్దస్తమానం నించునే పని. ఇంటికెళ్ళాక గానీ కూకోను."

ఇంటికెళ్ళాక ఆమె అన్నం వార్చి, గోడకు చేరగిలబడి కాళ్ళు చాపుకుని కూర్చుంది. "రాయే బంగారం, ఒళ్ళో పడుకుందువు గానీ," అంది.

లాస్య తల్లిని చూసి, ఆమె ఒడిని చూసి, "ఆఫీసుకి పంపలేదా అమ్మా?" అని అడిగింది.

"ఏంటే?"

లాస్య చాప పరుచుకుని పడుకుంది. ఒక చెయ్యి తొడ మీద, ఒక చెయ్యి నెత్తి మీద. లయ ఇప్పుడు తప్పడం లేదు. ఎంతో సేపు పట్టకుండానే నిద్రపోయింది. మంగాదేవి ఖాళీ ఒళ్ళో చేతులు పెట్టుకుని కాసేపు చూసింది. పిల్ల బుద్ధిమంతురాలైందని సంతోషించింది. ఇంత తేలిగ్గా నిద్రపోతోంది గనుక, మర్నాడు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టుకు కూడా తన పేరు ఇచ్చింది.