ఫ్యాను జోలికి వెళ్ళకండి!

ఫ్యాను రెక్కల మీద దుమ్ము తుడవమని చెప్పేవాళ్ళు సంసారాలు కూల్చేవాళ్ళు! కోపంలో అంటున్న మాట కాదిది. నిదానంగా కూర్చుని, రెండో గ్లాసు టీ కూడా తాగి, తల పైకెత్తి చూసి, బాగా ఆలోచించి అంటున్నాను.

ఆ దుమ్ము మీకేం అపకారం చేసింది చెప్పండి? అన్నం అడిగిందా? పక్క వెయ్యమందా? పడమటి ఎడారిలో పుట్టి, ఏటా వచ్చే ఖమ్సీన్ ఇసుకగాలినెక్కి, టిక్కెట్టు లేకుండా ఇంత దూరం వచ్చి, ఎవరి కాళ్ళకీ అడ్డం పడకుండా ఎక్కడో పైన సర్దుకుని కూర్చుంది. నైలు ఒడ్డున మా ఎస్నాలో గడప తొక్కిన మనిషిని టీ ఇవ్వకుండా పంపిస్తే ఏడాది పాటు చెప్పుకుని నవ్వుతారు. అలాంటి ఊళ్ళో ఇంటికొచ్చిన అతిథిని పాతగుడ్డతో తుడిచి బకెట్లో ముంచుతారా!

దిష్టి సంగతో? ఫ్యాను తళతళలాడుతోందనుకోండి. పొరుగింటావిడ వచ్చి "అబ్బ, ఎంత జోరుగా తిరుగుతోందే!" అంటుంది. సాయంత్రానికల్లా మోటారు కాలుతుంది. దుమ్ము పట్టిన ఫ్యానుకు దిష్టి పెట్టగల కన్ను నైలు నది పొడవునా ఇంతవరకు పుట్టలేదు.

ఈ సత్యాలన్నీ ఔపోసన పట్టిన మహానుభావుడు మా వీధిలోనే ఉన్నాడు. పేరు దర్దీరీ. చక్కెర మిల్లులో చెరుకు కాటా దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఆయనకు జరిగినది వింటే మీ చేతిలో గుడ్డ ఉన్నా అక్కడే జారవిడుస్తారు.

దర్దీరీ ఇంటి ముందుగదిలో భోజనాల బల్లకు సరిగ్గా పైన ఒక ఫ్యాను ఉండేది. అది కొన్నప్పుడు ఏ రంగో ఎవరికీ గుర్తులేదు. తెలుపని దర్దీరీ, లేతాకుపచ్చని ఆయన భార్య ఇన్సాఫ్. ఈ తగువు తేలకుండానే పిల్లలు పెరిగారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు. ఒక్కో రెక్క మీద మెత్తటి పరుపంత దుమ్ము. మధ్యాహ్నం నమాజు వేళకు స్విచ్చి వేస్తే, సాయంత్రం నమాజు వేళకు గాలి మొదలయ్యేది! ఒక పావురాల జంట కాపురం పెట్టడానికి వచ్చి చూసి, ఇల్లు మరీ పెద్దదిగా ఉందని వెళ్ళిపోయింది. ఒకసారి పెళ్ళివారు భోంచేస్తుండగా దుమ్ముగడ్డ ఒకటి మొలోఖియా ఆకుపులుసులో ఊడిపడింది. పెళ్ళికొడుకు మేనత్త రెండుసార్లు వడ్డించుకుని, ఏం మసాలా వేశారని అడిగి మరీ వెళ్ళింది.

ఇంతటి ఆస్తిని పట్టుకుని ఇన్సాఫ్ చెత్త అనేది!

ఆమెకు కుడిభుజం పట్టేసింది. చెయ్యి తల దాటి పైకి లేవదు. అందుకని ఏటా రంజాన్ నెలకు ముందు ఇల్లంతా కడుక్కుని, ఆ ఒక్క ఫ్యానునూ మొగుడికి అప్పగించేది. పెద్దకొడుకు బదవీ పేరుతో మొగుణ్ణి అబూ బదవీ అనేది. ఆయన ఆమెను ఉమ్ బదవీ అనేవాడు.

"అబూ బదవీ, ఇదిగో గుడ్డ. నీ కాళ్ళు పట్టుకుంటా, ఆ ఫ్యాను కాస్త తుడువయ్యా."

"ఇప్పుడా! ఖమ్సీన్ గాలి ఇంకా అవలేదే. ఇవాళ తుడిస్తే రేపు మళ్ళీ పడదూ?"

ఖమ్సీన్ వెళ్ళిపోయి ఎండాకాలం వచ్చేది.

"ఇప్పుడైనా తుడుస్తావా?"

"తిరిగే ఫ్యానును ఎవడైనా తుడుస్తాడా, ఉమ్ బదవీ? వేళ్ళు తెగిపోవూ?"

చలికాలం వచ్చేది.

"ఇప్పుడు తిరగడం లేదుగా!"

"తిరగని ఫ్యానుతో నీకేం పనే? పాపం, పడుకోనివ్వు."

చూశారా, ఏ కాలానికి ఆ కాలానికి సరిపడే జవాబు! ఇలాంటి తెలివి చెరుకు కాటా దగ్గర కూర్చుంటే వస్తుందా? పుట్టుకతో రావాలి.

ఈ ఏడు ఖమ్సీన్ కొంచెం మొరటుగా వచ్చింది. ఊరంతా పసుపు రాసినట్టయింది. గాలి తగ్గిన మర్నాడు ఇన్సాఫ్ గుడ్డ పట్టుకుని మళ్ళీ అడిగింది. దర్దీరీ కాఫీ కొట్టుకు బయల్దేరుతూ, చెప్పులో కాలు పెట్టి, ఒక చల్లని మాట చెప్పాడు.

"దుమ్ము నీకంత పడకపోతే, ఆ ఫ్యాను లేని ఇంట్లో ఉండు."

ఎంత సులువైన ఉపాయం!

హుక్కా అయ్యి, డొమినో ఆట అయ్యి, దర్దీరీ ఇల్లు చేరేసరికి ఆవిడ లేదు. భోజనాల బల్ల మీద దుమ్ములో వేలితో రాసిన ఒకే ఒక్క మాట ఉంది. దర్దీరీ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు.

"మర్వహా."

అంటే ఫ్యాను.

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "దీని దుంపతెగ! నోటితో చెప్పి చెప్పి విసుగొచ్చి ఇప్పుడు రాతలో పెట్టి కూతురింటికి పోయిందిరా!"

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా అరబ్బీ రాతలో మర్వహా అంటే ఫ్యాను. అవే అక్షరాలను మిరవ్వహా అని కూడా చదవచ్చు. ఆడమనిషి 'నేను ఇంటికి వెళ్ళిపోతున్నా' అని చెప్పే మాట అది. ఏది రాశారో తెలియాలంటే పైన చిన్న గుర్తొకటి పెట్టాలి. మాలో ఎవరూ పెట్టరు. చదివేవాడు ఇంగితం ఉన్నవాడై ఉంటాడని మా నమ్మకం.

ఇన్సాఫ్ నది దాటి అవతలి ఒడ్డున తమ్ముడు అబుల్‌వఫా ఇంటికి వెళ్ళిపోయింది. అలిగి వెళ్ళిన ఆడదాన్ని, మొగుడు వెంటనే ఇద్దరు పెద్దమనుషులతో వెళ్ళి, నాలుగు మంచి మాటలు చెప్పి తెచ్చుకోవాలి. మా దగ్గర పద్ధతి అది. ఆలస్యం చేశాడంటే, ఆమె అక్కర్లేదన్నాడని లెక్క. ఆ తరవాత మాట్లాడేది ఆమె వైపు మగవాళ్ళు. వాళ్ళు మంచి మాటలు చెప్పరు.

అవతలి ఒడ్డున రోజూ సాయంత్రం అబుల్‌వఫా ఉతికిన పొడుగుచొక్కా తొడుక్కుని, వాకిట్లో కుర్చీలు వేయించి, టీకి నీళ్ళు పెట్టించి, రేవు వైపు చూసేవాడు. ఎవరూ వచ్చేవారు కాదు. టీ మరిగి మరిగి తారు అయ్యేది. కుర్చీలు లోపలికి పోయేవి. ఇన్సాఫ్ కిటికీ దగ్గరి నుంచి లేచేది.

ఇవతలి ఒడ్డున దర్దీరీ కాఫీ కొట్టులో పందెం కోడిలా కూర్చున్నాడు.

"ఫ్యాను తుడిచే దాకా కూతురింట్లో కూర్చుంటుందట! బెదిరింపులకు లొంగే మనిషినా నేను?"

"తగ్గొద్దు దర్దీరీ!" అన్నాడు టీ కాచే మెట్వల్లీ. "ఇవాళ ఫ్యాను అంటారు. రేపు కిటికీలు అంటారు."

"నిజమే. ఎల్లుండి మనల్నే బకెట్లో ముంచుతారు," అన్నాడు డొమినో ఆటలో ఎప్పుడూ ఓడిపోయే షాజ్లీ.

ఎంత గొప్ప సలహాదారులు! అందరి పొట్టల్లోనూ అప్పటికే పెళ్ళాల చేతి భోజనం ఉంది. దర్దీరీ పొట్టలో మాత్రం బజారు ఫూల్, అంటే ఉడికించిన చిక్కుడుగింజలు. పొద్దున చిక్కుడుగింజలు, మధ్యాహ్నం చిక్కుడుగింజలు, సాయంత్రం పొద్దుటి చిక్కుడుగింజలు. తొడుక్కున్న చొక్కా తనంతట తనే నిలబడే స్థితికి వచ్చింది. ఇంట్లో మాట్లాడదామంటే మనిషి లేదు. ఒకరోజు తలెత్తి ఫ్యానుతోనే అన్నాడట: "ఏం, నీకైనా ఆకలేస్తోందా?"

చివరికి దర్దీరీ ఒక నిర్ణయానికి వచ్చాడు. లొంగిపోవడం కాదు సుమా! మగవాడు దయ తలచడం.

ఎలా తుడిచాడో వినండి. ఇంట్లో గుడ్డ ఎక్కడుంటుందో తెలియదు. అల్మారాలో అన్నిటికన్నా పైన ఉన్నది తీశాడు. అది ఇన్సాఫ్ పెళ్ళినాటి దిండు గలీబు, పట్టుదారంతో గులాబీలు కుట్టింది. భోజనాల బల్ల ఎక్కి నిలబడ్డాడు. పాదాల కింద ఆ ఒక్క మాట చెరిగిపోయింది. పాముని కొట్టినట్టు రెక్కను ఒక్కటి కొట్టాడు.

ఆ తరవాత జరిగినదాన్ని మా వీధివాళ్ళు ఇప్పటికీ రెండో ఖమ్సీన్ అంటారు! ఎదురింటివాళ్ళు గాలి మళ్ళీ లేచిందని తలుపులు బిడాయించుకున్నారు. గాడిదలు మోకాళ్ళ మీద కూర్చున్నాయి. పొగమంచనుకుని రేవులో పడవ ఒకటి హారన్ కొట్టింది. ఆ మేఘంలోంచి దగ్గుకుంటూ బయటపడిన దర్దీరీని సొంత కోడే గుర్తుపట్టలేదు. ఫ్యాను మాత్రం మెరిసిపోతోంది. లేతాకుపచ్చ!

ఆ ఆనందంలో స్విచ్చి వేశాడు. బరువు దిగిన ఫ్యాను ఎప్పుడూ ఎరగని వేగంతో గిర్రున తిరిగింది. బల్ల మీదా నేల మీదా పడిన దుమ్మంతా లేచి వంటింట్లోకీ పడగ్గదిలోకీ, పిండిడబ్బాలోకీ సమానంగా వెళ్ళి కూర్చుంది.

సరిగ్గా అప్పుడే తలుపు దబదబలాడింది. అబుల్‌వఫా! చేతిలో కర్ర.

"ఏం బావా! అక్క ఇన్నాళ్ళుగా మా ఇంట్లో కూర్చుని ఉంటే, చనిపోయిందో బతికుందో చూడవా? ఊళ్ళో నాకు మొహం లేకుండా చేశావు. అక్కర్లేకపోతే చెప్పు, ఇప్పుడే తేల్చేసుకుందాం!"

"మీ ఇంట్లోనా! ఫ్యాను తుడవమని రాసిపెట్టి కూతురింటికి పోయింది కదా!"

"ఫ్యానేంటి బావా? మిరవ్వహా అని రాసి వచ్చింది!"

"మర్వహా!"

"మిరవ్వహా!"

"ఒరేయ్ అబుల్‌వఫా, ఇంట్లో ఉన్న మనిషి ఇంటికి వెళ్తున్నానని ఎలా రాస్తుందిరా?"

అబుల్‌వఫా కర్ర కిందికి దించాడు. "అదేగా బావా నేను అడగడానికి వచ్చింది," అన్నాడు.

దర్దీరీ కాసేపు పైకి చూశాడు, కాసేపు కిందికి చూశాడు. మొహం కూడా కడుక్కోకుండా రేవుకు నడిచాడు. పెద్దమనుషులు లేరు, స్వీటు డబ్బా లేదు. పడవలో పక్కన కూర్చున్నవాళ్ళు, పాపం సిమెంటు పని చేసుకునే ముసలాయన అనుకుని జరిగి చోటిచ్చారు.

ఇన్సాఫ్ వాకిట్లో పెసలు చెరుగుతోంది. తలెత్తి చూసింది. కనుబొమల దాకా దుమ్ము. గుర్తుపట్టడానికి క్షణం పట్టింది.

"ఉమ్ బదవీ, ఫ్యాను తుడిచా! నువ్వన్నదే నిజం, లేతాకుపచ్చే!"

ఆవిడ పెదవి చివర కొంచెం కదిలింది. చెరగడం ఆపింది. "నిజంగానా? నువ్వేనా? మరి దాని మీదున్న దుమ్మంతా ఏమైంది?"

"కింద పడింది."

"పడ్డదాన్ని?"

"అది అక్కడే ఉంది. నువ్వు వచ్చాక..."

అక్కడ నాలుక కరుచుకున్నాడు గానీ ఆలస్యమైంది. చేట మళ్ళీ కదలడం మొదలుపెట్టింది.

"కోప్పడకే. నేను చదవడంలో పొరపాటు. అక్షరాలు ఒకటే కదా! పైన గుర్తు పెట్టి ఉంటే..."

"అక్షరాల దాకా ఎందుకయ్యా," అంది ఇన్సాఫ్, తల ఎత్తకుండా. "నేను కాపురానికొచ్చాక ఆ బల్ల మీద వేలితో రాసేంత దుమ్ము ఎప్పుడైనా చూశావా? ఆ దుమ్ము చూడగానే నేను ఇంట్లో లేనని తెలియొద్దూ? దానికి చదువు కావాలా?"

దర్దీరీ మూడు కాలాల జవాబులూ వెతుక్కున్నాడు.

"నేల కూడా అయ్యాక కబురు పెట్టు," అంది ఆవిడ. "వస్తా."

కాబట్టి అయ్యలారా, మళ్ళీ చెబుతున్నాను, ఫ్యాను జోలికి వెళ్ళకండి! ఫ్యాను తుడిస్తే నేల కనిపిస్తుంది. నేల తుడిస్తే బల్లకింద కనిపిస్తుంది. బల్లకింద దూరితే, ఇన్నేళ్ళుగా అక్కడ రోజూ ఎవరు దూరుతున్నారో కనిపిస్తుంది. అంత చూపు మగవాడి కళ్ళకు మంచిదా?

దర్దీరీ ఇంకా ఊడుస్తూనే ఉన్నాడు. నిన్న కాఫీ కొట్టు వాళ్ళం వెళ్ళి కిటికీలోంచి పిలిచాం. చీపురు ఆపకుండానే, "మీరు ఆడుకోండయ్యా, నాకు కుదరదు," అన్నాడు. "మూడే గదులు కదా అనుకున్నా. ఇంత పెద్ద ఇంట్లో ఉంటున్నానని నాకు ఒక్కరూ చెప్పలేదేం?"