ఐక్యతా రెసిడెన్సీ కుటుంబ నిర్వచనం

భారతీయ కుటుంబ వ్యవస్థ ఎల్బీనగర్ ఐక్యతా రెసిడెన్సీలో రెండో అంతస్తు వరకు క్షేమంగా ఉందనీ, మూడో అంతస్తులో మాత్రం దానికి ప్రాణాపాయం ఏర్పడిందనీ, అపార్టుమెంటు సంఘం అధ్యక్షులు సాంబమూర్తిగారు 2010 జనవరిలో ఒక ఆదివారం ఉదయం అధికారికంగా కనిపెట్టారు!

కనిపెట్టడం ఆయనకు కొత్త కాదు. సెక్రటేరియట్‌లో ముప్పై రెండేళ్ళు పనిచేసి, సెక్షన్ ఆఫీసరుగా దిగిన మనిషి. రిటైరయ్యాక కూడా చెయ్యి ఊరుకోక ఇంట్లోనే ఒక ఫైలు నడుపుతున్నారు. దాని పేరు ‘విదేశీ వైపరీత్యాలు’. మగవాళ్ళు మగవాళ్ళనీ ఆడవాళ్ళు ఆడవాళ్ళనీ పెళ్ళాడవచ్చని ఏ దేశం ఒప్పుకున్నా, ఆ వార్త కత్తిరించి అందులో అంటిస్తారు. హాలండు, స్పెయిను, నార్వే, స్వీడను ఎప్పుడో చేరాయి. మొన్న డిసెంబరులో మెక్సికో నగరం చేరింది. హాలండు కటింగు పక్కన ‘సముద్రానికి దిగువన ఉన్న దేశం, అంతకంటే ఎత్తుకు ఎలా ఎదుగుతుంది?’ అని నోటు కూడా రాశారు. ఆ విషయం మీద అంత శ్రద్ధగా సమాచారం పోగేసినవాడు ఎల్బీనగర్ నుంచి అబ్దుల్లాపూర్‌మెట్ దాకా ఇంకొకడు లేడు.

కిందటి జూలైలో ఢిల్లీ హైకోర్టు, ఈడొచ్చిన అలాంటి ఇద్దరు ఇష్టపడి కలిసి ఉంటే నేరం కాదని తీర్పు చెప్పింది. ఆ కటింగును ‘విదేశీ’ ఫైల్లో పెట్టడానికి నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో తేలక ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

అన్నమంటే ఆయన వండుకున్న అన్నమే. పదకొండేళ్ళ కిందట సాంబారులో ఉప్పు ఎక్కువైందని ఆయన భార్య ఇందిరాదేవిగారికి మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలసిందిగా కాగితం మీద మెమో ఇచ్చారు. ఆవిడ సంజాయిషీ ఇవ్వలేదు. ఆయనకు వండటం మానేశారు. మాట్లాడటం కూడా మానేశారు. అప్పట్నుంచీ ఆయన బాల్కనీలో కరెంటు పొయ్యి మీద చెయ్యి కాల్చుకుంటున్నారు. ఏదైనా చెప్పుకోవలసి వస్తే పనిమనిషి సైదమ్మ ద్వారా అటూ ఇటూ కబురు నడుస్తుంది. ఆఫీసులో అలవాటైన పద్ధతే గనక ఆయనకు అందులో విడ్డూరమేమీ కనిపించలేదు.

ఇక మూడో అంతస్తు సంగతి. డిసెంబరు తొమ్మిదిన తెలంగాణ ఇస్తున్నామని ఢిల్లీ ప్రకటించింది. రెండు వారాలు తిరక్కుండానే ఆ మాట మీద నీళ్ళు నమిలింది. దాంతో ఐక్యతా రెసిడెన్సీలో ఐక్యత గేటు మీది బోర్డులోనే మిగిలింది. సంఘం కార్యదర్శి మైసయ్య స్థానికుడు. బిల్డింగు లేచిన స్థలం ఒకప్పుడు ఆయన పొలమే. అధ్యక్షులవారిది కోస్తా. పొద్దున ఆరింటికి బోరు మోటారు వేద్దామని ఈయన అంటే, అది పెత్తనమని ఆయన అంటాడు. ఇద్దరికీ నచ్చిన పని ఒక్కటే ఉంది. ఎవరిది ఏ ఊరో, రేపు ఎవరి లెక్కన ఎన్ని ఫ్లాట్లో తేల్చుకోవడానికి సొంతూళ్ళ రిజిస్టరు తయారుచేయడం.

ఆ రిజిస్టర్లోనే కొంప మునిగింది. 302లో అద్దెకుండే ఉదయలక్ష్మి, సౌందర్య రెండేళ్ళుగా సంఘం రికార్డులో అక్కాచెల్లెళ్ళు. ఉదయలక్ష్మి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుంది. సౌందర్య ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. సొంతూరు గడిలో అక్క తెనాలి అని రాసింది, చెల్లెలు చౌటుప్పల్ అని రాసింది!

“గిదేందమ్మా?” అన్నాడు మైసయ్య, రిజిస్టరు చంకన పెట్టుకుని 302 గుమ్మంలో సాంబమూర్తిగారి పక్కన నిలబడి. “అక్కాచెల్లెండ్లంటిరి. ఒగలది తెనాలి, ఒగలది చౌటుప్పల్ ఎట్లయితది?”

“అక్కాచెల్లెళ్ళం కామండి,” అంది ఉదయలక్ష్మి. “అలా చెప్తే తప్ప ఎవరూ ఇల్లివ్వలేదు. మేమిద్దరం కలిసి బతుకుతున్నాం. ఎనిమిదేళ్ళయింది.”

“కలిసి అంటే?” అన్నారు సాంబమూర్తిగారు. ఫైలంతా కంఠతా వచ్చిన మనిషికి అది అర్థం కాకపోవడమేమిటి? అయినా అడిగారు.

“మీరూ పిన్నిగారూ కలిసి ఉన్నట్టేనండి.”

సాంబమూర్తిగారి ముఖం కందగడ్డ అయింది.

“నేరమేం కాదు సార్,” అంది సౌందర్య. “ఢిల్లీ కోర్టే చెప్పింది గద.”

“ఢిల్లీ మాట ఈడ చెల్లది!” అన్నాడు మైసయ్య. నెల రోజులుగా ధర్నాలో కూర్చుని, ఢిల్లీ ఇచ్చిన మాటకు తిరుగులేదని గొంతు చించుకుంటున్నది ఆయనే.

“ఢిల్లీ ఒకసారి అన్నంత మాత్రాన అయిపోయిందా? తొందరపడి అన్నదాన్ని వెనక్కి తీసుకోవడమూ ఉంటుంది,” అన్నారు సాంబమూర్తిగారు. మైసయ్య ఆయన వైపు అనుమానంగా చూశాడు గానీ, సందర్భం చూసి ఊరుకున్నాడు.

ఇంటి ఓనరు వెంకట్రావు కర్మన్‌ఘాట్‌లో ఉంటాడు. సంఘం ఒక తీర్మానం పంపితే చాలు, నెలలో ఖాళీ చేయిస్తానన్నాడు.

“ఇది మాకు నాలుగో ఇల్లండి,” అంది ఉదయలక్ష్మి. “ఏ తప్పు చేశామో చెప్పండి, పోతాం.”

“తప్పొప్పుల ప్రసక్తి కాదు,” అన్నారు సాంబమూర్తిగారు. “ఇక్కడ కుటుంబాలకే ప్రవేశం. బ్యాచిలర్లకు లేదు.”

“కుటుంబమంటే ఏమిటో మీరే రాసివ్వండి. అందులో మేం లేకపోతే ఆ రోజే సామాను సర్దుకుంటాం.”

పాపం, ఆ పిల్లకు తెలియదు, రాసివ్వమని ఆయన్ని అడగడమంటే ఆకలిగొన్నవాడికి విస్తరి వేయడమేనని. వారం రోజులు సాంబమూర్తిగారు ఫైళ్ళు తిరగేసి చిత్తు మీద చిత్తు రాశారు. మొదటి చిత్తులో ‘భార్యాభర్తలు’ అని ఉంది. 104లో తిరుపతమ్మగారు కయ్యిమన్నారు. ఆవిడా, ఆవిడ తోడికోడలూ ఇద్దరూ భర్తలు పోయి ఒకే ఇంట్లో ఉంటున్నారు. “మేమేమైనా సత్రంలో ఉన్నామా నాయనా?” అన్నారు ఆవిడ. బావమరిదితో ఉంటున్న అంతయ్యకూ కోపమొచ్చింది. భార్యాభర్తలను కొట్టేశారు. పోనీ, ఫలానా బాపతు ఇద్దరు ఉండరాదని ఉన్నదున్నట్టు రాద్దామంటే, ఆడవాళ్ళ ముందు ఆ మాట పైకి చదవడానికి కమిటీలో ఒక్కరికీ నోరు పెగల్లేదు.

చివరికి తేలిన నిర్వచనం సెల్లార్లో జరిగిన సర్వసభ్య సమావేశంలో సాంబమూర్తిగారే గంభీరంగా చదివారు. ఒకే పొయ్యి మీద వండుకోవాలి. ఒకరికి జబ్బు చేస్తే రెండోవారు దగ్గరుండి చూడాలి. రోజుకొక్కసారైనా ముఖాముఖి మాట్లాడుకోవాలి. ఈ మూడూ ఉంటేనే కుటుంబం. లేనివాళ్ళు బ్యాచిలర్ల కిందికి వస్తారు, నెలలోగా ఖాళీ చేయాలి. అద్దె పంచుకునే బాపతు ఈ మూడింట్లో ఎక్కడో ఒకచోట దొరక్కపోదని ఆయన ధీమా.

“ఇది అన్ని ఫ్లాట్లకూ వర్తిస్తుందాండి?” అంది ఉదయలక్ష్మి వెనక కుర్చీలోంచి.

“అన్నింటికీ! నిబంధన ముందు అందరూ సమానులే!”

సెల్లారు చప్పట్లతో దద్దరిల్లింది. జై తెలంగాణ అన్నవాళ్ళూ, జై సమైక్యాంధ్ర అన్నవాళ్ళూ ఒకేసారి చేతులెత్తారు. రెండు నెలల్లో ఐక్యతా రెసిడెన్సీ ఏకగ్రీవంగా ఆమోదించిన మొదటి తీర్మానం అదే.

ఇక విచారణ. ఏ ఇంట్లో ఏం జరుగుతుందో తెలిసినది తొమ్మిది ఫ్లాట్లలో పనిచేసే సైదమ్మకే. అధ్యక్షులవారే స్వయంగా ఆమెను ముందుకు పిలిచారు.

“చెప్పు సైదమ్మా. 302లో పొయ్యిలెన్ని?”

“ఒగటే సారు. ఒగలు కూర తరుగుతరు, ఒగలు పోపేస్తరు.”

“జబ్బు చేస్తే?”

“సౌందర్యమ్మకు కామెర్లయితే ఉదయమ్మ పదిహేను దినాలు కొలువుకు పోలే. పక్కల్నే కూసున్నది.”

“మాట్లాడుకుంటారా?”

“అయ్యో! ఒకటే ముచ్చట్లు సారు. నాకు బాసన్లు కడుగుడు తెల్వకుండ అయిపోతది.”

సభలో గుసగుసలు మొదలయ్యాయి. సాంబమూర్తిగారు గొంతు సవరించుకుని, “సరే, మిగతా ఫ్లాట్లు కూడా రికార్డు చేద్దాం,” అన్నారు. పద్ధతి ప్రకారం పోకపోతే ఆయనకు నిద్ర పట్టదు.

“మైసయ్య సారుకు రెండు పొయ్యిలు,” అంది సైదమ్మ. “ఒగటి ఈడ, ఇంకోటి పెద్ద అంబర్‌పేట్ల. ఆడ గూడ ఒక అమ్మ...”

“ఏ, ఊకో! గదంత ఇప్పుడెందుకు?” అని మైసయ్య ఎగిరిపడ్డాడు.

“ఇగ 201,” అంది సైదమ్మ. అడిగినదానికి జవాబు చెప్పడమే ఆమెకు తెలుసు. “పొయ్యిలు రెండు. అమ్మది వంటింట్ల, సారుది బాల్కనీల. మాట్లాడుకుంటే గద! అన్ని నాతోనే చెప్పంపిస్తరు. కార్తీకంల సారుకు మలేరియా జరమొచ్చి వణికితే, 302ల సౌందర్యమ్మ మూడు దినాలు పొద్దుమాపు వచ్చి సూదేసింది. ఉదయమ్మ జావ కాసి తెచ్చింది. సారు పక్కన కూసొని ముచ్చట గూడ పెట్టింది.”

సాంబమూర్తిగారు ఆ మూడు రోజుల్ని మరచిపోలేదు. ఏ ఫైల్లోనూ ఎక్కించలేదు, అంతే. జావలో ఉప్పు సరిగ్గా సరిపోయిందని కూడా ఆయనకు ఇప్పుడు గుర్తొచ్చింది.

ఉదయలక్ష్మి లేచింది. లెక్కల మేడం గదా, వేళ్ళు మడిచింది. “జావ కాసిన పొయ్యి మాది. జ్వరానికి కూర్చున్నది మేము. మాట్లాడిందీ మేమే. మీ నిర్వచనం ప్రకారం మీరు 302 కుటుంబ సభ్యులు బాబాయిగారూ. 201లో మాత్రం బ్యాచిలరు!”

సెల్లారంతా గొల్లున నవ్వింది. మైసయ్య అందరికంటే ముందు చెయ్యెత్తి, “తీర్మానం రద్దు! రద్దు! ఎవలింట్ల ఎవలుంటె మనకేంది?” అని అరిచాడు. పెద్ద అంబర్‌పేట్ బెంగ ఆయనది. చేతులన్నీ మళ్ళీ ఏకగ్రీవంగా లేచాయి. సౌందర్య రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చేసింది. ఉదయలక్ష్మి అందరి ముందూ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది.

సాంబమూర్తిగారు ఊపిరి పీల్చుకుని, రద్దయినట్టు మినిట్స్‌లో రాసుకుంటున్నారు. అప్పుడు ముందు వరుసలోంచి ఇందిరాదేవిగారు లేచారు.

“సైదమ్మా,” అన్నారు ఆవిడ, నాలుగడుగుల దూరంలో ఉన్న భర్త వైపు చూడకుండానే. “అధ్యక్షులవారికి చెప్పు. 201 నా పేరున రిజిస్టరైంది. తీర్మానం సంఘంలో రద్దయినా, మా ఇంట్లో అమల్లోనే ఉంది. గడువు నెల రోజులు.”