వినకపోతేనేం, ఫొటో తీశారుగా!

సంగీతం వినడానికే పుట్టిందని ఇంకా నమ్ముతున్న అమాయకులెవరైనా ఉంటే, దయచేసి పేజీ తిప్పేయండి. సంగీతం పుట్టింది ఫొటోకి! ఈ సత్యాన్ని మన ఊళ్లో కొత్తగా కెమెరాలు కొన్న యువతరం కనిపెట్టింది. వాళ్లకి నేను రెండు చేతులూ ఎత్తి నమస్కరిస్తున్నాను.

"మన ఊరి మ్యూజిక్ కల్చర్‌ని డాక్యుమెంట్ చేస్తున్నాం" అంటారు వాళ్లు. ఎంత బరువైన మాట! ఇదివరకు మన ఊళ్లో ప్రోగ్రాం అంటే వాయించేవాళ్లు నలుగురు, వినేవాళ్లు ఆరుగురు. ఆ ఆరుగురిలో ఇద్దరు వానకి తడవకుండా లోపలికొచ్చినవాళ్లు. ఇప్పుడో? హాలు కిటకిట! కాకపోతే ఎవరూ కూర్చోరు, నేల మీద పాకుతుంటారు. కుర్చీలు ఫ్రేముకి అడ్డమని ముందే బయట పెట్టించేస్తారు.

మా బావ సంగతే చూడండి. అంటే మా అక్క మొగుడు. పగలంతా పుస్తకాలు బైండింగ్ చేస్తాడు, సాయంత్రం క్లారినెట్ వాయిస్తాడు. ఎనిమిది నెలలు తంటాలు పడి సొంతంగా ఒక ట్యూన్ కట్టాడు. పదకొండు నిమిషాలు. ఇంట్లోవాళ్లు కాని మనిషి ఎవరైనా దాన్ని మొదటినుంచి చివరిదాకా విని ఎలా ఉందో చెప్పాలని ఆయన కోరిక. మా అక్క వింటుంది గానీ, మిక్సీ వేసుకుని వింటుంది.

ఆ ట్యూన్ మొదటిసారి వాయించే రోజున, దర్జీ కొట్టు పైనున్న హాల్లో ఏకంగా పద్నాలుగు కెమెరాలు! బావ మొహం చాటంతయింది. క్లారినెట్ పెదాలకి ఆనించాడో లేదో, టోపీ పెట్టుకున్న ఫొటోగ్రాఫర్ చెయ్యెత్తాడు.

"సార్, ఊదితే బుగ్గలు ఉబ్బుతున్నాయి. ఊదకుండా వాయిస్తారా?"

ఇందులో తప్పేముంది? ఊపిరితిత్తులకి ఎంత విశ్రాంతి! బావ బుద్ధిగా ఊదడం మానేసి వేళ్లు మాత్రం కదిపాడు. కదిలితే బ్లర్ వస్తోందని చెప్పడంతో, బావ పక్కన డ్రమ్ములు వాయించే స్కూటర్ మెకానిక్ కర్రలు గాల్లోకెత్తి, శిలాప్రతిమలా ఉండిపోయాడు. హాలంతా నిశ్శబ్దం. షట్టర్లు మాత్రం టకటకా కొట్టుకున్నాయి. ఆ పూట తాళం ఎక్కడా తప్పలేదని మెకానిక్ ఇప్పటికీ ఒప్పుకుంటాడు. కింద దర్జీకి ఎంత ప్రశాంతత! రెండు కాళ్లూ ఒకే పొడవున్న ప్యాంటు ఆయన ఆ రోజే కుట్టాడట!

ఇక ఊదొచ్చా అని బావ అడగబోయేసరికి "లైటు పోయింది సార్" అని అందరూ సామాన్లు సర్దుకున్నారు.

నెల తిరక్కుండా ఎగ్జిబిషన్! మూడొందల మంది జనం. గుమ్మానికి ఎదురుగా తలుపంత ఫొటోలో మా బావ. కళ్లు మూసుకుని, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి ఉన్నాడు. కింద "నాదంలో లీనమైన క్షణం" అని రాశారు. చూసినవాళ్లు కళ్లొత్తుకున్నారు. అది తుమ్ముకి ముందు క్షణమని నాకూ అక్కకీ మాత్రమే తెలుసు.

బావ వెంట క్లారినెట్ పెట్టె తెచ్చుకున్నాడు. "ఇంతమంది ఉన్నారు కదా, ఒక్కసారి వాయించనా బాబూ?" అన్నాడు.

టోపీ ఫొటోగ్రాఫర్ నొచ్చుకున్నాడు. "వద్దు సార్. ఇక్కడ సౌండ్ వస్తే జనం మ్యూజిక్‌ని ఫీలవలేరు."

బావ పెట్టె మూసేశాడు. నాకు ఏడుపొచ్చింది. ఆనందంతోనే లెండి!

బయటికొస్తే, ఆ పద్నాలుగు మందిలో ఒకమ్మాయి మెట్ల మీద కూలబడి ఉంది.

"ఏమ్మా, అలా కూర్చున్నావ్?" అన్నాడు బావ.

"బ్యాటరీ చచ్చిపోయిందంకుల్. ఛార్జర్ ఇంట్లో మర్చిపోయా." చేతులకి పనిలేక కాసేపు అటూ ఇటూ చూసింది. "అవునూ, ఆ రోజు మీరు వాయిస్తానన్నది ఏంటి?"

బావ అక్కడే పెట్టె తెరిచాడు. బుగ్గలు ఎంత ఉబ్బాయో నేను చెప్పను. ఆ పిల్ల చేతులు ఒళ్లో పెట్టుకుని, కదలకుండా చివరిదాకా వింది. తర్వాత కాస్త ఆలోచించి, "మధ్యలో సాగదీశారంకుల్. ఆ చివర మాత్రం... ఇంకోసారి వాయిస్తారా?" అంది.

బావ కాళ్లు నేల మీద ఆనలేదు. కనబడినవాళ్లందరికీ మూడు రోజులు అదే చెప్పుకున్నాడు. "మధ్యలో సాగదీశానందోయ్!"

"తిడితే అంత సంబరమేంటి బావా?" అన్నాను.

"పిచ్చివాడా, వినకపోతే సాగదీశానని ఎలా తెలుస్తుందిరా!"

కాబట్టి పాఠకులారా, ఫొటోగ్రాఫర్ల మీద నాకు ఈగంత కోపం కూడా లేదు. ఇంకా రావాలి, వందల్లో రావాలి! కెమెరా కంపెనీలకి మాత్రం ఒక చిన్న మనవి. అయ్యా, మీ బ్యాటరీలు మరీ అంత గట్టివి చేయకండి.