మంత్రిగారి పేరుతో మొదలయ్యే రోగులు

పదకొండు లైన్ల ప్రోగ్రాముకు రిబ్బను కత్తిరించిన ఘనత ఆరోగ్యశాఖ చరిత్రలో మన మంత్రిగారొక్కరికే దక్కింది. ఆ పదకొండు లైన్లూ రాసిన ప్రోగ్రామరమ్మ మూడో వరసలో, స్తంభం వెనక కూర్చుంది.

అది చేసే పని చిన్నదే. కంప్యూటర్లో రోగి రికార్డు దొరకాలంటే దానికో కీ, అంటే గుర్తింపు పేరు, ఉండాలి. ఆసుపత్రి, వార్డు, రోగి నంబరు తీసుకుని, మధ్య రెండేసి చుక్కలు పెట్టి, హెల్పర్ లైబ్రరీ అనే ఈ ప్రోగ్రాము ఆ కీని అతికిస్తుంది. అంతకుముందు ఎవరికి తోచినట్టు వాళ్లు రాసి రోగుల్ని పోగొట్టేవాళ్లు. ఇప్పుడు ప్రోగ్రామరమ్మ అత్తగారి శుక్లాల ఆపరేషన్ కూడా వెయిటింగ్ లిస్టులో భద్రంగా ఉంది, వచ్చే బుధవారానికి.

మంత్రిగారు ప్రోగ్రామరమ్మను వేదిక మీదికి పిలిపించి, తెర వంక చూసి ముఖం చిట్లించారు.

"రెండు చుక్కలెందుకమ్మా? పొదుపు పాటించాలి. ఒకటి చాలదూ?"

"చాలు సార్."

"మరి ఇందులో నేనెక్కడున్నాను?"

ఆమె నోరు తెరిచేలోపే కార్యదర్శిగారు అందుకున్నారు. "ప్రతి కీకీ ముందు మీ పేరే సార్! మిమ్మల్ని తలచుకోనిదే ఒక్క రోగీ దొరకడు."

ఆ సాయంత్రమే లక్షా పన్నెండు వేలమంది రోగుల కీలు మంత్రిగారి పేరుతో మళ్లీ తయారయ్యాయి. శుక్రవారం మంత్రివర్గం మారింది. సోమవారం కొత్త మంత్రిగారు వచ్చి కుర్చీ మార్పించారు, కర్టెన్లు మార్పించారు, ప్రోగ్రాములో పేరు మార్పించారు. కొత్త పేరుతో వెతికితే పాత రికార్డు ఒక్కటీ దొరకక వెయిటింగ్ లిస్టు సున్నా అయింది.

ప్రోగ్రామరమ్మ కార్యదర్శి గదికి పరుగెత్తింది.

"రికార్డులు ఎక్కడికీ పోలేదు సార్. పాత మంత్రిగారి పేరు పెట్టి వెతికితే అన్నీ వస్తాయి. ఒక్క లైను మార్చనివ్వండి."

ఆయన లేచి తలుపు వేశారు. "అమ్మా, పిల్లలు గలవాణ్ణి. ఈ భవనంలో ఆ పేరెత్తకు."

"ఎల్లుండే మా అత్తయ్య ఆపరేషన్ సార్!"

"లిస్టులో ఉన్నారా?"

"లేరు."

"అయితే ఆవిడ కళ్లు బాగున్నట్టే."

ఆమెకు ఒళ్లు మండింది. కానీ మర్నాడు వేదికెక్కి కొత్త మంత్రిగారి చేతుల మీదుగా ప్రశంసాపత్రం అందుకోక తప్పలేదు.

బుధవారం పొద్దున్నే అత్తగారు సంచి సర్దుకుని కూర్చుంది. పేపరు ముక్కుకు ఆనించుకున్నా అక్షరాలు కనబడక కోడలికి అందించింది. "నీ ఫొటో పడిందటగా, ఏం రాశారే?"

"'బాధ్యతలు చేపట్టిన ఒక్క రోజులో వెయిటింగ్ లిస్టు ఖాళీ' అని, అత్తయ్యా."

అత్తగారి ముఖం వెలిగిపోయింది. "అయితే నా ముందున్నవాళ్లంతా అయిపోయారన్నమాట! పద పద, ఇవాళ నేనే మొదటిదాన్ని."