మింగే కాఫీ

ఈ వీధి మొత్తంలో కాఫీని జయించిన మగాణ్ణి నేనొక్కణ్ణే. మీసం మెలేసి మరీ చెబుతున్నాను.

జయించడమంటే, డాక్టరు మాన్పించాడు లెండి. గుండెదడ తగ్గాలంటే పొద్దున ఒక్క గ్లాసే, ఆపైన చుక్క పడకూడదన్నాడు. అంతే, మా ఆవిడ కాఫీపొడి డబ్బాను బీరువాలో పెట్టి తాళం బొడ్లో దోపుకుంది. ఆవిడ నగలు మాత్రం బయటే ఉన్నాయి.

మధ్యాహ్నమయ్యేసరికి నా మెడ తోటకూర కాడలా వాలిపోయేది. పెరట్లో చూస్తే, నేను పెంచిన కాఫీ మొక్కలే గుత్తులు గుత్తులుగా పండి నన్ను వెక్కిరించేవి.

అప్పుడు తట్టింది. డాక్టరు తాగొద్దన్నాడు గానీ మింగొద్దనలేదుగా! గింజల్ని పొడి చేసి క్యాప్సూల్ గొట్టాల్లో కూరి మింగితే ఏ పెళ్ళానికి అనుమానం వస్తుంది?

పళ్ళు కోసి, తొక్క ఒలిచి, గింజలు డాబా మీద ఎండబెట్టాను. మందుల షాపాయన్ని బతిమాలి ఖాళీ గొట్టాలు తెచ్చాను. ఇక వేయించాలి. పొయ్యి ఎటు తిప్పితే వెలుగుతుందో నాకు తెలిస్తే కదా!

"ఏమేవ్, ఇవేవో మూలిక గింజలట. మోకాళ్ళకి మంచివట. కాస్త వేయించి పొడి కొట్టి పెట్టు."

పెళ్ళైన నాటి నుంచీ నాకు కాఫీ కలుపుతున్న మనిషికే కాఫీ గింజలిచ్చి మూలికలన్నాను. నా తెలివి అలాంటిది.

ఆవిడ ఒక గింజ వాసన చూసి, "అబ్బ, ఎంత మంచి మూలికో!" అంది.

పొడి వచ్చింది. కూరుతుంటే తుమ్ము వచ్చింది. సగం పొడి నా కనుబొమల పాలైంది. మిగిలింది గొట్టాల్లోకెక్కించి ఒకటి మింగాను. ఆహా! నరనరానా నిప్పే!

"మోకాళ్ళెలా ఉన్నాయండీ?"

"గుర్రం కాళ్ళే!"

"అయితే ఆ పరుపులు డాబా మీదికి మోసుకెళ్ళి దులపండి."

దులిపాను. ప్రాణం సగమైంది. ఇంకోటి మింగాను.

"ఇప్పుడండీ?"

"ఏనుగునే!" నా నోరే నాకు శత్రువు.

"అయితే ఆ బీరువా పక్కగదిలోకి జరపండి."

ఒంటిచేత్తో జరిపాను. నడుములో ఏదో కలుక్కుమంది. కూలబడ్డాను.

"మందు భలే పనిచేస్తోందండీ. ఇక రేపట్నుంచి పొద్దుటి కాఫీ కూడా ఎందుకు, మానేద్దురూ."

గుండె ఆగినంత పనైంది. రోజూ మంచం దిగేదే ఆ ఒక్క గ్లాసు కోసం.

"ఒసే, అది మందు కాదే! కాఫీ!" అని బావురుమన్నాను.

"కాఫీ ఎక్కడిదండీ? బార్లీ. నల్లగా మాడ్చి పొడి కొట్టాను. దడ మనిషికి చలవ చేస్తుందని."

"మరి నా గింజలు?"

ఆవిడ చేతిలోని గ్లాసులోంచి ఆవిరి లేస్తోంది. ఓ గుక్క తాగి, కళ్ళు మూసుకుని, "మీ మొక్కలు బంగారమండీ" అంది.

ఇప్పుడు నాకు పొద్దున కూడా బార్లీ నీళ్ళే. కాఫీని జయించానన్నది ఇలాగే.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఆ ఒంటిచెయ్యి. రెండు చేతులూ, భుజమూ, తలా ఆనించి మూలుగుతూ నెట్టినా బీరువా కదల్లేదు. అవతలి వైపు నుంచి లాగింది ఆవిడే. కాఫీ తాగిన మనిషి కదా.