గ్రామసేవక్ ఎల్లస్వామి గారి మోటారుసైకిల్ పర్యటనలు

పంతొమ్మిది వందల అరవై రెండు, మాఘమాసం. ఆలేరుకు మూడు కోసుల దూరంలోని ఒక ఊళ్ళో, పది గ్రామాల వ్యవసాయాభివృద్ధి బాధ్యత నెత్తిన మోస్తున్న గ్రామసేవక్ ఎల్లస్వామి గారు ప్రగతి బాటలో మొదటి అడుగు వేయదలచి, సొంత బావి మీద మోట తోలే జత ఎడ్లను అమ్మివేశారు.

ఎడ్లను అమ్మింది టైర్ల కోసం. టైర్లు చిన్నాయన జంగయ్య ఇచ్చిపోయిన మోటారుసైకిల్ కోసం. జంగయ్య హైదరాబాదులో ఒక జాగీర్దారు దగ్గర డ్రైవరు. జాగీర్లు రద్దయిన నాడు ఆ దొర జీతానికి బదులు తన ఇంగ్లండు మోటారుసైకిల్‌ను చేతిలో పెట్టి, దువా చేసి పంపాడు. దానిమీద జంగయ్య ఊళ్ళోకి వచ్చినప్పుడు కోళ్ళు గోడలెక్కాయి, పటేలు అరుగు మీంచి లేచి నిలబడ్డాడు. అప్పటికి పద్దెనిమిదేళ్ళవాడైన ఎల్లస్వామి కోళ్ళను చూడలేదు. లేచి నిలబడిన పటేలునే చూశాడు. ఆ చూడటం వల్లనే ఈ కథ జరిగింది.

పిల్లల్లేని జంగయ్య పోతూ పోతూ బండిని అన్న కొడుక్కు ఇచ్చిపోయాడు. ఏళ్ళ తరబడి కొట్టంలో గడ్డి కింద పడుకున్న బండిని బయటికి లాగితే సీటులో ఎలుకలు పిల్లలు పెట్టి ఉన్నాయి, టాంకులో కందిరీగలు కాపురమున్నాయి. ఎల్లస్వామి గారు ప్రభుత్వోద్యోగి కనుక ఎలుకలకు వారం రోజుల గడువిచ్చారు. అవి గడువును ఖాతరు చేయలేదు.

"సర్కారు సైకిలిచ్చింది గద, అది సాలదా?" అని భార్య అండాలు అడిగింది.

"సైకిలేసుకొని పోయి ఎరువుకు పెంటగుంత తవ్వుమంటే ఎవడన్న ఇంటడా? మోటరుసైకిల్ మీద పోయి చెప్తే దేశం మారుతది" అన్నారు ఎల్లస్వామి గారు.

"దేశం సంగతేమో గని, పొలానికి నీళ్ళెట్ల? యాసంగి వరి నాటేసినం. గదే మన ఏడాది బువ్వ."

బండి ఎనిమిది రోజుల్లో సిద్ధమవుతుందనీ, అప్పుడు మూడు కోసులూ లెక్కకాదనీ, రోజూ ఒక ఊళ్ళో ఎడ్లు అడిగి తేవచ్చనీ ఆయన విశదీకరించారు. ఎడ్లు తేవడానికి ఎడ్లమ్మి టైర్లు కొనడంలోని పొదుపు అండాలుకు అర్థం కాలేదు. ఆమె చదువుకోలేదు.

అందాకా పాలివాడు బుచ్చయ్య ఎడ్లు బదులుకు దొరికాయి. ఇక మరమ్మతుకు భిక్షం దొరికాడు. ఆ చుట్టుపట్ల పదిహేను కోసుల్లో ఇంజను విప్పి మళ్ళీ బిగించగల మనిషి భిక్షం ఒక్కడే. బావుల మీది ఆయిలింజన్లకు అతడే వైద్యుడు. అంత గొప్పవాడు దొరికినందుకు ఎల్లస్వామి గారు పొంగిపోయి, అతడెప్పుడైనా మోటారుసైకిల్ చేశాడా అన్న చిన్న ప్రశ్న అడగడం మరిచిపోయారు. ఎవరినైనా పనికి పెట్టుకునేటప్పుడు మనమంతా మరిచిపోయే ప్రశ్నే అది.

ఎనిమిది రోజులు నలభై రోజులయ్యాయి. భిక్షం నిష్ఠగా పనిచేశాడు. రైల్లో సామాన్లు రావడం, అవి వేరే బండివని తేలడం, వాటిని అరగదీసి ఈ బండివి చేయడం జరిగాయి. పెట్రోలు దండుగని బండి గ్యాసునూనెతో, అంటే కిరసనాయిలుతో నడిచేట్టు చేశాడు. ఇంజను ఎక్కువ తక్కువ కాకుండా ఒకే తీరుగా ఆడాలని క్లచ్చి తీసి పక్కన పెట్టాడు. గేర్లు ఊరికే గందరగోళమని అన్నిటినీ ఒక్కదానికి బిగించేశాడు.

ప్రారంభోత్సవానికి ఊరంతా వచ్చింది. ఎల్లస్వామి గారు చిన్నాయన కోటు తొడిగి, కళ్ళకు గాలద్దాలు పెట్టి, వికాస పథకాల గురించి పావుగంట ఉపన్యసించారు. భిక్షం కిక్కు కొట్టాడు. ఒక్క దెబ్బకే ఇంజను అందుకుంది. అబ్బ, ఏం పాట! దగ్గూ లేదు, తుమ్మూ లేదు. స్టాండు మీద వెనక చక్రం గిర్రున తిరుగుతుంటే జనం చప్పట్లు కొట్టారు. ఎల్లస్వామి గారు ఎక్కి, స్టాండు దించారు. బండి ఆగిపోయింది. మళ్ళీ స్టాండెక్కిస్తే పాట, దించితే మౌనం. మూడుసార్లయింది.

"ఇదేంది భిక్షం, కదుల్తలేదు?"

భిక్షం నిజంగానే నొచ్చుకున్నాడు. "ఇరవై ఏండ్ల సంది ఇంజన్లు చేస్తున్న సారూ. నేను చేసిన ఒక్క ఇంజను జాగల నుంచి కదిలిందని ఎవనితోనన్న అనిపియ్యుండ్రి!"

జనం నవ్వారు. పటేలు అరుగు మీంచి లేవలేదు సరికదా, కాళ్ళు చాపుకున్నాడు. ఆ సమయంలోనే అండాలు పొలం నుంచి వచ్చింది. ఆమె చేతిలో ఒక వరి కర్ర ఉంది.

"గీ పొట్ట చూడు. బుచ్చయ్య తన మడే ఎండుతాందని ఎడ్లు తోలుకపోయిండు. రేపటిదాక నీళ్ళు పారకుంటే అంత తాలే. పది ఊర్లకు ఎవుసం చెప్పెటోనివి, నీ పిల్లలకేం పెడ్తవ్?"

ఎల్లస్వామికి ఏడుపొచ్చింది. గాలద్దాలుండబట్టి ఎవరికీ కనపడలేదు గానీ, ఆ నిమిషాన తనంతటి మూర్ఖుడు ఈ పది గ్రామాల్లో లేడని ఆయనకు స్పష్టంగా తెలిసింది. గ్రామసేవక్ చేసిన మొదటి కచ్చితమైన సర్వే అదే.

అండాలు ఏడవలేదు. భిక్షం మళ్ళీ స్టాండెక్కించగా తిరుగుతున్న చక్రాన్ని చూసింది, వాకిట్లో ఉన్న పంపును చూసింది. ఆ పంపు రైతులకు ప్రదర్శించమని పంచాయతీ సమితి రెండేళ్ళ కింద పంపించినది. దానికి ఇంజను వచ్చే ప్రణాళికలో వస్తుందని ఉత్తరముంది.

"భిక్షం తమ్మీ, గా టైరు పీకి, చక్రానికి తోలుపట్టా ఏస్తే గీ పంపు ఆడదా?"

భిక్షం ముఖం వెలిగిపోయింది. నలభై రోజుల్లో తనకు అర్థమైన మాట ఇదొక్కటే. జత ఎడ్ల ఖరీదు చేసిన టైరు దూలానికి వేలాడింది. బండి బావి గడ్డ మీద స్టాండెక్కింది. పొద్దుగూకే లోపల నీళ్ళు మడిలో పడ్డాయి.

అయితే ఇంజనుకు నూనె అందించే చేతి పిడి వదిలితే ఇంజను నెమ్మదిస్తుంది. ఎవరో ఒకరు పట్టుకొని కూర్చోవాలి. కనుక ఎల్లస్వామి గారు రోజూ తెల్లవారగానే సీటెక్కి, సాయంత్రం దాకా మోటారుసైకిల్ తోలారు. ఎదురుగా బావి, కుడిపక్క తుమ్మచెట్టు. బాటన పోయేవాళ్ళు "ఎందాక వచ్చిన్రు సారూ?" అని అడిగేవారు. మొదట్లో ఉడుక్కున్న ఆయన తర్వాత్తర్వాత "భువనగిరి దాటిన" అనడం నేర్చుకున్నారు. మరమ్మతు మొదలైన నాడే ఆగిన పది గ్రామాల పర్యటన మాత్రం మళ్ళీ సాగనే లేదు.

కోతకు నెల రోజులుందనగా సమితి అధికారి జీపులో తనిఖీకి వచ్చాడు. ఎల్లస్వామికి భయం పట్టుకుంది. ఉద్యోగం సంగతి తర్వాత, ప్రదర్శన పంపును వాపసు తీసుకుపోతే గింజ పాలమీదే ఎండిపోతుంది. పొలాన్నిగానీ పంపునుగానీ చూసే అలవాటు లేని అధికారి నేరుగా బండి దగ్గరికెళ్ళి, వెనక చక్రం తిరిగినంతా లెక్కగట్టే మీటరు చూశాడు. నెలకు తొమ్మిది వందల నలభై మైళ్ళు!

"ఈ జిల్లాలో ఇంతగా ప్రజల్లో తిరిగిన గ్రామసేవక్ మరొకడు లేడు! కదలిక అంటే ఇదీ! మీ చక్రం దేశ ప్రగతి చక్రం!" అని అధికారి గట్టు మీద నిలబడి ప్రసంగించాడు.

ఎల్లస్వామి గారు ఉండబట్టలేక నిజం చెప్పేశారు. "సార్, ఇది ఈడనే ఉన్నది. ఒక్క ఊరికి గూడ పోలేదు."

అధికారి ఆ వినయానికి ముగ్ధుడయ్యాడు. అయినా నియమం నియమమే కనుక, గ్రామసేవక్ వచ్చాడా లేదా తెలుపవలసిందిగా పది గ్రామాలకూ కాగితాలు పంపించాడు. గింజ గట్టిపడేదాకా ఎల్లస్వామి అన్నం సయించక, పిడి వదలక, నీళ్ళు పెడుతూనే ఉన్నారు. కోత కోశారు. ఇంటికి ధాన్యం వచ్చింది. ఆ మర్నాడే కాగితాలూ వచ్చాయి.

పది గ్రామాల పెద్దలూ ఒకే మాట రాయించారు: గ్రామసేవక్ గారు వారం వారం తప్పకుండా వస్తున్నారు, ఇంతటి మంచి ఉద్యోగిని మా నుంచి దయచేసి మార్చవద్దు. నాలుగు నెలలుగా పెంటగుంతలు తవ్వుమని, కొలతలు చూపుమని ఎవరూ రాక, వాళ్ళ పని వాళ్ళు చేసుకుని పంటలు బాగా తీసిన సంవత్సరమది. రాలేదని రాస్తే నిజంగానే వచ్చే మనిషిని పంపిస్తారని వాళ్ళకు తెలుసు.

ఆ కాగితాల కింద మొత్తం రెండు వందల పై చిలుకు వేలిముద్రలున్నాయి. మీది అటువైపు ఊరే అయితే ఇంట్లో పెద్దలను అడిగి చూడండి. ఆయన వచ్చాడనే చెప్తారు.